నీలిబాన నుండి కణసంకేతం దాకా: ఉత్తరాంధ్ర తీరం నేపథ్యంలో ఇండోల్ చరిత్ర

వ్యాససంగ్రహం:

నీలిమందు చరిత్రను ఆర్థికచరిత్రకారులు రాశారు. ఇండోల్ చరిత్రను రసాయనశాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవశాస్త్రజ్ఞులు రాశారు. మొదటి చరిత్రలో ఓడరేవులు, తోటలు, కంపెనీలు కనిపిస్తాయి. రెండవదానిలో పరీక్షనాళికలు, ఎంజైములు కనిపిస్తాయి. ఈ రెండు చరిత్రలకూ మూలపదార్థం ఒకటే అయినా, వాటిని కలిపి చదివిన సందర్భాలు తెలుగులో అరుదు. భోగాపురం, భీమునిపట్నం పరిసరాల తీరప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని నీలిమందు, దాని నుండి పేరు పొందిన ఇండోల్, ఇండోల్‌ను తయారుచేసి వాడుకునే బాక్టీరియా అనే మూడు అంశాలను ఒకే క్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రంగరుల అనుభవజ్ఞానానికీ, నేటి సూక్ష్మజీవశాస్త్రానికీ మధ్య ఉన్న సంబంధాన్ని, ఈ అణువుకు ఉత్తరాంధ్ర వర్తమానంలో ఉన్న ప్రాసంగికతను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నీలిమందు, ఇండోల్, ట్రిప్టోఫాన్, బాక్టీరియా, కలరా, భీమునిపట్నం, భోగాపురం, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం:

విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వెళ్లే జాతీయ రహదారి మీద, భీమునిపట్నానికి ఉత్తరాన భోగాపురం ఉంది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో అంతర్భాగం. తూర్పున సముద్రం, ముక్కాం వంటి మత్స్యకార గ్రామాలు, ఇసుకనేలల్లో సరుగుడు, జీడి, కొబ్బరి తోటలు ఈ ప్రాంతపు ముఖ్యలక్షణాలు. ఇక్కడి పంట, సరుకు చాలాకాలం భీమునిపట్నం రేవు మీదుగానే బయటి ప్రపంచాన్ని చేరాయి.

ఈ ప్రాంతపు పల్లెల్లో గోగుకట్టలను చెరువులో ఊరవేసి నార తీయడం తరతరాల వృత్తి. భీమునిపట్నం పేరుమీదనే ఆ నారకు ప్రపంచ విపణిలో 'బిమ్లిపటం జ్యూట్' అనే వ్యాపారనామం స్థిరపడింది. చెరువులో గోగుకాడ ఊరడం, నార విడివడడం బాక్టీరియా చేసే పని. కాడలోని పెక్టిన్‌ను అవి కరిగిస్తాయి. ఎన్నాళ్లు ఊరాలో, ఎప్పుడు తీయాలో రైతుకు తెలుసు. ఆ పని చేసే జీవి పేరు తెలియవలసిన అవసరం అతనికి కలగలేదు. నీలిమందు విషయంలోనూ ఇదే జరిగింది. పేరు తెలియని జీవితో మనిషి కలిసి చేసిన పని ముందు, ఆ జీవికి పేరు పెట్టిన శాస్త్రం తరువాత. ఈ రెంటి మధ్య జరిగిన కథే ఇండోల్ చరిత్ర.

2. అవిరి, అంకుడు – తీరప్రాంతపు నీలి:

నీలిచెట్టుకు తెలుగులో 'అవిరి' అనే పేరు కూడా ఉంది. ఇది చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. 17వ శతాబ్దం నుండి డచ్చి, ఆంగ్ల కంపెనీలు కోరమాండల్ తీరంలో స్థావరాలు ఏర్పరచుకోవడానికి ప్రధానకారణం రంగుబట్టలు. ఆ బట్టలకు ఎరుపునిచ్చేది చిరువేరు, నీలాన్నిచ్చేది అవిరి. భీమునిపట్నంలోని డచ్చి స్థావరం 1825లో ఆంగ్లేయుల పరమైంది. ఇప్పటికీ అక్కడున్న డచ్చి సమాధులు ఆ వర్తకకాలానికి సాక్ష్యాలు.

ఉత్తర సర్కారుల్లో నీలిని శాస్త్రీయంగా పరిశీలించిన తొలి వ్యక్తుల్లో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లడానికి ముందు అతడు సామర్లకోటలో ఉండి, అక్కడి మొక్కలను స్థానిక చిత్రకారులచేత బొమ్మలు గీయించి వర్ణించాడు. 1795 నుండి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథసంపుటాలకు ఆ కృషే ఆధారం. అవిరి కాక మరో చెట్టు ఆకుల నుండి కూడా నీలిమందు తీయవచ్చని అతడు నిరూపించాడు. ఆ చెట్టే అంకుడు. పాల కారే ఈ చెట్టు ఆకును వేడినీటిలో ఉంచి రంగు దింపే పద్ధతిని అతడు వివరించాడు.

అంకుడు పేరు ఉత్తరాంధ్రులకు మరో కారణంగా సుపరిచితం. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఈ చెట్టు కర్రతోనే. 2017లో ఆ బొమ్మలకు భౌగోళికసూచిక గుర్తింపు లభించింది. బొమ్మల కోసం కర్రనిచ్చే చెట్టు ఆకులో నీలిరంగుకు మూలమైన పదార్థం ఉందన్న సంగతి నేడు చాలామందికి తెలియదు.

మద్రాసు రాజధానిలో నెల్లూరు, కడప, కర్నూలు, కృష్ణా, గోదావరి ప్రాంతాలు 19వ శతాబ్దంలో నీలిసాగుకు పేరుపొందాయి. బెంగాల్, బీహారుల్లో పచ్చి ఆకును తొట్టెల్లో ఊరవేస్తే, కోరమాండల్ తీరంలో ఎండుటాకుతో నీలిమందు తీసే పద్ధతి కూడా ఉండేది. పద్ధతి ఏదైనా సూత్రం ఒకటే. ఆకులో నీలం ఉండదు. 'ఇండికాన్' అనే రంగులేని పదార్థం ఉంటుంది. అది చక్కెరతో కట్టుబడిన ఇండాక్సిల్. నీటిలో ఊరినప్పుడు చక్కెర విడిపోయి ఇండాక్సిల్ మిగులుతుంది. ఆ నీటిని తెడ్లతో బాదితే గాలి తగిలి, రెండేసి ఇండాక్సిల్ అణువులు కలిసి నీలంగా మారి అడుగున పేరుకుంటాయి. ఆ మడ్డిని వడకట్టి, బిళ్లలుగా కోసి ఆరబెట్టేవారు.

చక్కెరను విడదీసేది ఎవరు? 19వ శతాబ్ది చివర ఈ ప్రశ్న పెద్ద వివాదమైంది. 1887లో అల్వారెజ్ అనే శాస్త్రజ్ఞుడు ఇది ఒక ప్రత్యేక బాక్టీరియా పని అన్నాడు. బీహారు నీలితోటల యజమానుల సంఘం నియమించిన బాక్టీరియా శాస్త్రజ్ఞుడు సిరిల్ బెర్గ్‌థీల్ దీన్ని ఖండించాడు. ఊరే తొట్టెలో ప్రధానంగా పనిచేసేది ఆకులోని ఎంజైమేనని 1904లో అతడు ప్రకటించాడు. జర్మన్ కృత్రిమనీలితో పోటీపడి ఓడిపోతున్న తోటల యజమానులు, బాక్టీరియాను అదుపుచేస్తే దిగుబడి పెరుగుతుందని ఆశపడ్డారు. ఆ ఆశ ఫలించలేదు. అయితే నీలి కథలో బాక్టీరియా పాత్ర అంతటితో ముగియలేదు. అసలు పాత్ర ఊరే తొట్టెలో కాక, రంగరి ఇంటి బానలో ఉంది.

3. నీలిబాన – నీలివార్త:

నీలిమందు నీటిలో కరగదు. కరగని రంగు నూలుకు పట్టదు. అందువల్ల రంగరి దానిని ముందు కరిగే స్థితికి తేవాలి. తెలుగునాట అద్దకపువారు నీలిమందును మెత్తగా నూరి, సున్నం, చవుడు కలిపిన నీటిలో వేసి, ఉడికించిన తగిరిస గింజలను చేర్చి బానలో కొన్ని రోజులు ఉంచేవారు. క్రమంగా బానలోని ద్రవం నీలంపోయి పసుపుపచ్చగా మారుతుంది. పైన రాగిరంగు తెట్టు కడుతుంది. అందులో ముంచి తీసిన బట్ట మొదట పసుపుపచ్చగా ఉండి, గాలి తగలగానే ఆకుపచ్చగా, ఆపైన నీలంగా మారుతుంది.

ఈ మార్పును రసాయనశాస్త్రం క్షయకరణం అంటుంది. దీన్ని నడిపేది బాక్టీరియా. తగిరిస గింజల పిండి వాటికి ఆహారం. సున్నం, చవుడు వాటికి తగిన క్షారత్వాన్నిస్తాయి. అవి బానలోని ఆక్సిజన్‌ను వాడేసి, ఎలక్ట్రాన్లను నీలిమందుకు అందించి దాన్ని కరిగే రూపంలోకి తెస్తాయి. ఐరోపా పాతపద్ధతి ప్రకారం కట్టిన నీలితొట్టె నుండి క్లోస్ట్రిడియం ఐసటిడిస్ అనే కొత్త బాక్టీరియాను 1999లో వేరుచేసి వర్ణించారు. జపాన్ నీలితొట్టెల నుండి తీవ్రక్షారంలో బతికే ఆల్కలిబాక్టీరియం జాతులను ఆ తరువాతి దశాబ్దంలో గుర్తించారు. ఈ ఆవిష్కరణలు రంగరి పనిని కొత్త వెలుగులో చూపుతాయి. అతడు చేసింది వట్టి కలపడం కాదు. ఆకలి, వేడి, క్షారం, గాలి అనే నాలుగింటినీ వాసనతో, రంగుతో, చేతిస్పర్శతో కొలుస్తూ ఒక జీవసమూహాన్ని పోషించాడు.

ఈ పోషణ ఎప్పుడూ సఫలం కాదు. చలి ఎక్కువైనా, సున్నం మించినా, మేత చాలకపోయినా బాన చెడుతుంది. ఇక్కడే తెలుగు భాష ఒక విలువైన సాక్ష్యాన్ని దాచుకుంది. 'నీలివార్త' అంటే ఆధారంలేని వదంతి. నీలి కుదరనప్పుడు ఊరిలో ఒక అబద్ధపు వార్త పుట్టిస్తే, జనం దాన్ని నమ్మితే రంగు కుదురుతుందన్న నమ్మకం నుండి ఈ మాట పుట్టిందని పెద్దలు చెబుతారు. హిందీలోనూ నీలిబాన చెడిపోవడాన్ని పుకారు పుట్టడంతో ముడిపెట్టే నుడికారం ఉంది. కాబట్టి ఇది ఒక ప్రాంతపు చమత్కారం కాదు. రంగరి వృత్తి విస్తరించిన మేరకు విస్తరించిన నమ్మకం.

ఈ నమ్మకాన్ని మూఢత్వమని కొట్టివేయడం తేలిక. బాన పరిస్థితిని బట్టి చూస్తే మరో వివరణ సాధ్యమవుతుంది. మందగించిన బాక్టీరియా సమూహం కోలుకోవడానికి కావలసింది కాలం. బానను పదేపదే కలిపితే గాలి చొరబడి పరిస్థితి మరింత చెడుతుంది. ఊరంతా వార్త పాకి తిరిగి వచ్చేలోగా బానకు రెండు మూడు రోజుల విశ్రాంతి దొరుకుతుంది. నమ్మకం తప్పు కావచ్చు; అది కల్పించిన వ్యవధి మాత్రం పనికివచ్చి ఉండవచ్చు. ఇది ఊహే అయినా, వృత్తిజ్ఞానాన్ని చదివేటప్పుడు ఆచారం చెప్పే కారణాన్నీ, అది సాధించే ఫలితాన్నీ విడివిడిగా చూడాలన్న పద్ధతికి ఇది మంచి ఉదాహరణ.

4. నీలి నుండి ఇండోల్ – పేరు, నిర్మాణం:

నీలిని రసాయనశాలలో విడగొట్టే క్రమంలో ఆధునిక కర్బనరసాయనశాస్త్రం చాలా దూరం నడిచింది. సంస్కృత 'నీల' శబ్దం అరబ్బీ, పోర్చుగీసు భాషల మీదుగా 'అనిల్' అయింది. నీలిమందును క్షారంతో కాచి 1840లో ఫ్రిట్షే పొందిన ద్రవానికి దాని మీదుగానే 'అనిలీన్' అనే పేరు వచ్చింది. ఆంగ్లంలోని 'ఇండిగో' గ్రీకు మూలంనుండి 'హిందూదేశపుది' అనే అర్థంలో వచ్చింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1866లో నీలి నుండి లభించే ఆక్సిండోల్‌ను తుత్తునాగపు పొడితో కాచి ఒక కొత్త పదార్థాన్ని పొందాడు. నీలి పేరుకు నూనె అనే అర్థమున్న లాటిన్ మాట చేర్చి దానికి 'ఇండోల్' అని పేరుపెట్టారు. ఆరు కర్బనాల వలయం, నత్రజని ఉన్న ఐదు పరమాణువుల వలయం ఒక అంచున కలిసిన నిర్మాణం అది.

బేయర్ 1880లో నీలిని కృత్రిమంగా తయారుచేశాడు, 1883లో దాని నిర్మాణాన్ని ప్రతిపాదించాడు, 1905లో నోబెల్ బహుమతి పొందాడు. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమనీలిని విపణిలోకి తెచ్చింది. ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో భారతదేశపు నీలి ఎగుమతి కుప్పకూలింది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో జర్మన్ సరఫరా ఆగడంతో కొంత కోలుకున్నా, అది తాత్కాలికమే అయింది. తెలుగు జిల్లాల్లోనూ అవిరి పొలాలు ఇతర పంటలకు మళ్లాయి. నీలి పోయింది కాని, నీలి పేరు మోసిన ఇండోల్ అప్పటికే మరో శాస్త్రంలో స్థిరపడింది.

5. కుళ్లు, కలరా, ఎర్రని వలయం:

మాంసకృత్తులు కుళ్లినప్పుడు, పేగులో ఆహారం జీర్ణమైనప్పుడు ఇండోల్ పుడుతుందని 1870ల నాటికే తెలిసింది. అది ఏ పదార్థం నుండి పుడుతుందో తేల్చింది కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్, సిడ్నీ కోల్. వారు 1901లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని వేరుచేశారు. 1903లో బాక్టీరియా దాన్ని ఇండోల్‌గా మారుస్తుందని చూపారు.

అంతకుముందే ఇండోల్ రోగనిర్ధారణలో ప్రవేశించింది. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని పరిశీలించిన తరువాత, దాన్ని ఇతర జీవుల నుండి వేరుగా గుర్తించడం వైద్యులకు సమస్య అయింది. కలరా జీవి పెరిగిన ద్రవంలో గంధకికామ్లం కలిపితే ఎర్రరంగు వస్తుందని 1886–87లలో పోల్, బుజ్విడ్, డన్‌హామ్ గమనించారు. దానికే 'కలరా ఎరుపు' అని పేరు. ఆ జీవి ఒకేసారి ఇండోల్‌ను, నైట్రైట్‌ను తయారుచేయడమే ఆ రంగుకు కారణం. పూరీ జగన్నాథయాత్రకు వెళ్లే భక్తులు నడిచిన తీరమార్గం ఉత్తరాంధ్ర గుండానే సాగుతుంది. యాత్రామార్గాల వెంట కలరా వ్యాప్తి వలసపాలన నాటి ఆరోగ్యశాఖను నిరంతరం కలవరపెట్టింది. కలరాకు కారణం కాని కొన్ని విబ్రియోలు కూడా ఇదే రంగునిస్తాయని తేలడంతో ఈ పరీక్ష క్రమంగా ప్రాధాన్యం కోల్పోయింది.

ఇండోల్ పరీక్ష మాత్రం నిలిచింది. 1889లో కితసాతో దీన్ని బాక్టీరియా వర్గీకరణకు వాడాడు. 1928లో కోవాచ్ రూపొందించిన కారకంతో నేటికీ కళాశాల ప్రయోగశాలల్లో విద్యార్థులు ఈ పరీక్ష చేస్తున్నారు. ట్రిప్టోఫాన్ ఉన్న ద్రవంలో జీవిని పెంచి, కారకం చుక్కలు వేస్తే పైన చెర్రీపండు రంగులో వలయం ఏర్పడుతుంది. ఇ. కోలై ఈ వలయాన్నిస్తుంది. దాని సమీపబంధువుల్లో కొన్ని ఇవ్వవు. తాగునీటిలో మలకాలుష్యాన్ని నిర్ధారించేటప్పుడు సుమారు 44 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇండోల్ తయారుచేసే జీవి ఉందా అని చూడటం అందుకే.

6. బాక్టీరియా ఇండోల్‌ను తయారుచేసే విధం:

ఇండోల్‌ను పుట్టించే ఎంజైమ్‌కు ట్రిప్టోఫనేజ్ అని పేరు. 1930లలో ఇంగ్లండులో హాపోల్డ్, హాయిల్ దీనిపై మౌలికమైన కృషి చేశారు. బి6 విటమిన్ నుండి ఏర్పడే పిరిడాక్సల్ ఫాస్ఫేట్ దీనికి సహకారకమని 1947లో రుజువైంది. ఈ ఎంజైమ్ ఒక ట్రిప్టోఫాన్ అణువును ఇండోల్, పైరువిక్ ఆమ్లం, అమోనియాలుగా చీలుస్తుంది. పైరువిక్ ఆమ్లం శక్తికి, అమోనియా నత్రజని అవసరానికి ఉపయోగపడతాయి. ఇండోల్ మాత్రం మిగిలిపోయి బయటికి వస్తుంది.

ఇ. కోలైలో ఈ పనికి సంబంధించిన జన్యువులు ఒకే వరుసలో ఉంటాయి. వాటిలో టి.ఎన్.ఎ.–ఎ ఎంజైమ్‌ను, టి.ఎన్.ఎ.–బి ట్రిప్టోఫాన్‌ను లోపలికి తెచ్చే వాహకాన్ని తయారుచేయిస్తాయి. వీటికి ముందు టి.ఎన్.ఎ.–సి అనే చిన్న భాగం ఉంది. చార్లెస్ యానోఫ్‌స్కీ బృందం 1980ల నుండి దీని పనితీరును వివరించింది. కణంలో ట్రిప్టోఫాన్ సమృద్ధిగా ఉంటే, ఈ చిన్న భాగాన్ని చదువుతున్న రైబోజోమ్ చివర ఆగిపోతుంది. ఆ ఆగడం వల్ల తరువాతి జన్యువుల లిప్యంతరీకరణకు అడ్డు తొలగుతుంది. గ్లూకోజ్ దొరుకుతున్నంతకాలం ఈ జన్యువులు అణగి ఉంటాయి. చక్కెర అయిపోయాకనే బాక్టీరియా ట్రిప్టోఫాన్‌ను కోయడం మొదలుపెడుతుంది. అంటే ఇండోల్ పరిమాణం ఆ పరిసరంలో ఏ ఆహారం మిగిలిందో, ఎంతమంది తింటున్నారో చెప్పే కొలమానం కూడా అవుతుంది. ఇప్పటివరకు 85కు పైగా బాక్టీరియా జాతులు ఇండోల్‌ను తయారుచేస్తాయని గుర్తించారు.

7. వ్యర్థమా, సంకేతమా?

ఒక శతాబ్దం పాటు ఇండోల్‌ను శాస్త్రం వ్యర్థంగానే భావించింది. పరీక్షలో ఎర్రని వలయం కనిపిస్తే చాలు, ఆ జీవికి దానితో ఏమి పని అన్న ప్రశ్న దాదాపు రాలేదు. 2001లో వాంగ్, డింగ్, రాథర్ అనే ముగ్గురు పరిశోధకులు ఇ. కోలైలో ఇండోల్ కణం వెలుపలి సంకేతంగా పనిచేసి కొన్ని జన్యువులను మేల్కొలుపుతుందని ప్రచురించారు. ఆ తరువాత పరిశోధన వేగం పుంజుకుంది.

2010లో జేమ్స్ కాలిన్స్ బృందం వెల్లడించిన ఫలితం ఎక్కువ చర్చకు కారణమైంది. ఇ. కోలై సమూహానికి నార్‌ఫ్లాక్సాసిన్ మందు మోతాదును క్రమంగా పెంచినప్పుడు, సమూహంలో అతికొద్ది కణాలు మాత్రమే బలమైన నిరోధకత సంపాదించాయి. ఆ కొద్ది కణాలు తమ పెరుగుదలకు నష్టం కలిగినా ఇండోల్ విడుదల చేశాయి. ఆ ఇండోల్ ఇరుగుపొరుగు బలహీనకణాల్లో మందును బయటికి తోసే పంపులను, ఆక్సీకరణ ఒత్తిడి నుండి కాపాడే ఏర్పాట్లను పనిచేయించింది. ఒక్కొక్క కణాన్ని విడిగా పరీక్షిస్తే నిరోధకత లేదని తేలే సమూహం, కలిసి ఉన్నప్పుడు మందును తట్టుకోగలదు. ప్రయోగశాల నివేదికను, రోగి శరీరంలో జరిగేదాన్ని ఒకటిగా భావించరాదన్న హెచ్చరిక ఇందులో ఉంది.

ఇండోల్ పనిచేసే తీరు ఒక్కటే కాదు. 2012లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఎక్కువ గాఢతలో అది కణపొర గుండా ప్రోటాన్లను దాటించి, పొర విద్యుత్ వ్యత్యాసాన్ని తగ్గించి, కణవిభజనను ఆపుతుందని చూపారు. మందుకు లొంగక నిద్రాణంగా మిగిలే కణాల విషయంలో ఫలితాలు పరస్పరవిరుద్ధంగా ఉన్నాయి: 2012 నాటి ఒక అధ్యయనం ఇండోల్ వాటిని పెంచుతుందంటే, తరువాతి అధ్యయనాలు తగ్గిస్తుందన్నాయి. గాఢత, కాలం, ఆహారపరిస్థితి మారితే అదే అణువు వేరువేరు ఫలితాలనిస్తుందని దీనివల్ల అర్థమవుతుంది.

కలరా జీవి ఇక్కడ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. 2009లో వెలువడిన పరిశోధన ప్రకారం విబ్రియో కలరే తన ఇండోల్‌ను ఆధారంగా చేసుకొని జిగురుపొర కట్టే జన్యువులను పెంచుతుంది. 2019 నాటి మరో పరిశోధన ప్రకారం ఇండోల్ దాని రోగకారకశక్తిని నియంత్రించే జన్యువ్యవస్థను అణచివేస్తుంది. 1880ల వైద్యుడు పరీక్షనాళికలో చూసిన ఎరుపు, నిజానికి ఆ జీవులు తమలో తాము పంచుకుంటున్న సమాచారపు జాడ.

8. తీరానికి తిరిగి – రొయ్య, వేరు, మూత్రపిండం:

ఇండోల్ నేడు ఉత్తరాంధ్ర జీవితాన్ని మూడు చోట్ల తాకుతోంది.

మొదటిది రొయ్య. భీమునిపట్నం, భోగాపురం తీరంలో రొయ్యపిల్లల ఉత్పత్తికేంద్రాలు ఉన్నాయి. పట్టిన రొయ్యను ఐసులో పెట్టడం ఆలస్యమైతే బాక్టీరియా దాని మాంసంలోని ట్రిప్టోఫాన్‌ను ఇండోల్‌గా మారుస్తుంది. ఆపై ఎంత గడ్డకట్టించినా, ఉడికించినా ఆ ఇండోల్ చాలావరకు మిగులుతుంది. అందువల్ల రొయ్య ఒకప్పుడు చెడిందనడానికి అది సాక్ష్యం. 1940ల నుండి అమెరికాలో దీన్ని కొలిచే పద్ధతులు వచ్చాయి. 100 గ్రాములకు 25 మైక్రోగ్రాముల ఇండోల్‌ను ఆ దేశపు ఆహార ఔషధ పాలనాసంస్థ చెడిన రొయ్యకు ప్రమాణంగా తీసుకుంటుంది. ఒకప్పుడు ఈ తీరపు సరుకుకు విలువ తెచ్చిన నీలి కుటుంబపు అణువే నేడు సరుకును తిరస్కరించడానికి ఆధారమవుతోంది. మరోవైపు, జలచరాలకు రోగం కలిగించే విబ్రియో క్యాంప్‌బెల్లీ తీవ్రతను ఇండోల్ తగ్గిస్తుందని 2017లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. మందుల వాడకం తగ్గించవలసిన రొయ్యల రంగానికి ఇది ఆలోచించదగ్గ దారి.

రెండవది వేరు. 1934లో కోగ్ల్ బృందం మానవమూత్రం నుండి వేరుచేసిన ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం మొక్కల పెరుగుదలను నడిపే ప్రధాన హార్మోన్. వేళ్ల చుట్టూ ఉండే బాక్టీరియాలో అనేకం మొక్క వేరు స్రవించే ట్రిప్టోఫాన్ నుండి దీన్ని తయారుచేస్తాయి. రైతులు జీవన ఎరువుగా వాడే అజోస్పైరిల్లం వేరుకొనలను గుబురుగా పెంచడంలో దీనికి పెద్ద పాత్ర ఉంది. ఇదే హార్మోన్‌ను తయారుచేసే జన్యువులను మొక్కలోకే చొప్పించి ఆగ్రోబాక్టీరియం కణితి పుట్టిస్తుంది. సాయమూ హానీ ఒకే అణువు నుండి రావడం ఇక్కడ కూడా కనిపిస్తుంది.

మూడవది మూత్రపిండం. పేగులోని బాక్టీరియా తయారుచేసిన ఇండోల్ రక్తంలోకి చేరి, కాలేయంలో ఇండాక్సిల్‌గా, ఆపై ఇండాక్సిల్ సల్ఫేట్‌గా మారి మూత్రంలో పోతుంది. ఎడ్వర్డ్ షంక్ 1850లలో నీలిమొక్కలోని ఇండికాన్‌ను వర్ణించిన కొద్దికాలానికే మనిషి మూత్రంలోనూ నీలిని ఇచ్చే పదార్థాన్ని కనుగొన్నాడు. అవిరి ఆకులో చక్కెరతో ముడిపడిన ఇండాక్సిల్, మనిషిలో సల్ఫేట్‌తో ముడిపడుతుంది, అంతే తేడా. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు ఇది రక్తంలో పేరుకుంటుంది. రక్తంలోని ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకొని ఉండటం వల్ల డయాలసిస్‌తో పూర్తిగా తొలగదు. రక్తనాళాలకు, మిగిలిన మూత్రపిండ కణజాలానికి హాని చేస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. మధుమేహం, రక్తపోటు వంటి సాధారణ కారణాలతో వివరించలేని వ్యాధి అది. ఈ వ్యాధికి ఇండోల్ కారణమని చెప్పడానికి ఆధారం లేదు. ఇండాక్సిల్ సల్ఫేట్ పేరుకోవడం మూత్రపిండం దెబ్బతిన్న తరువాతి పరిణామం. వ్యాధి మొదలుకావడం వేరే ప్రశ్న. ఈ తేడాను చెరిపివేసి రాసే ఏ రాతైనా శాస్త్రం పేరుతో మరో నీలివార్తే అవుతుంది. అయితే వ్యాధి ముదిరే వేగాన్ని తగ్గించడంలో పేగు బాక్టీరియా, ఆహారం పోషించే పాత్ర ఏమిటన్నది ఆ రోగులకు నేరుగా సంబంధించిన పరిశోధనాంశం.

పేగులో ఇండోల్ బంధువులన్నీ హానికరం కావు. కొన్ని లాక్టోబాసిల్లస్ జాతులు తయారుచేసే ఇండోల్ ఆల్డిహైడ్ పేగుగోడ రక్షణవ్యవస్థను బలపరుస్తుందని 2013లో తెలిసింది. ఒకే ట్రిప్టోఫాన్‌ను ఏ బాక్టీరియా తింటుందన్న దాన్ని బట్టి అది రక్షణగానో, భారంగానో మారుతుంది.

9. బాక్టీరియా చేసిన నీలి:

1983లో అమెరికాలో బర్ట్ ఎన్‌స్లే బృందం నాఫ్తలీన్‌ను విడగొట్టే ఎంజైమ్ జన్యువులను ఇ. కోలైలోకి చేర్చింది. ఆ బాక్టీరియా సమూహాలు నీలంగా మారాయి. ట్రిప్టోఫనేజ్ ట్రిప్టోఫాన్‌ను ఇండోల్‌గా చేసింది; కొత్త ఎంజైమ్ ఇండోల్‌ను ఆక్సీకరించింది; గాలి మిగిలిన పని పూర్తిచేసింది. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో అడుగు వేశారు. బాక్టీరియా చేత ఇండాక్సిల్‌కు చక్కెర తగిలింపజేసి ఇండికాన్‌గా నిలవచేసి, బట్ట మీద ఆ చక్కెరను ఎంజైముతో విడదీస్తే అక్కడే నీలం ఏర్పడింది. కృత్రిమనీలిని కరిగించడానికి వాడే కఠినరసాయనాల అవసరం ఇందులో లేదు. అవిరి ఆకు చేసే పనిని బాక్టీరియా నేర్చుకుంది.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి:

• నీలి తయారీలో రెండు దశలను వేరుచేసి చూడాలి. ఆకు నుండి నీలిమందు తీయడంలో ప్రధానపాత్ర ఆకు ఎంజైమ్‌ది. నీలిబానలో రంగును కరిగించడంలో ప్రధానపాత్ర బాక్టీరియాది. చరిత్రరచనలో ఈ రెంటినీ 'పులియబెట్టడం' అనే ఒకే మాట కింద చేర్చడం సరికాదు.

• తెలుగు రంగరుల వృత్తిజ్ఞానం ఆచరణలో సూక్ష్మజీవపోషణే. 'నీలివార్త' అనే మాట ఆ జ్ఞానపు అనిశ్చితికి భాషలో మిగిలిన గుర్తు.

• ఇండోల్‌ను వ్యర్థంగా, రోగనిర్ధారణ చిహ్నంగా, కణసంకేతంగా మూడు కాలాల్లో మూడు విధాలుగా చదివారు. మారింది అణువు కాదు, అడిగిన ప్రశ్న.

• రొయ్యల నాణ్యత, నేలసారం, మూత్రపిండ వ్యాధి అనే ఉత్తరాంధ్ర సమస్యలకు ఈ అణువుతో నేరుగా సంబంధం ఉంది. ఆ సంబంధం ఎంతవరకో కచ్చితంగా చెప్పడం పరిశోధకుల బాధ్యత.

• అద్దకం, గోగునార, అంకుడు వంటి స్థానికవృత్తుల మాటలను సేకరించే భాషాపరిశోధకులు, ఆ పనుల వెనుక ఉన్న జీవప్రక్రియలను నమోదుచేసే విజ్ఞానశాస్త్ర అధ్యాపకులు కలిసి పనిచేయవలసిన అవసరం ఉంది. నీలిబానలు కట్టడం తెలిసిన చేతులు ఇప్పటికే తగ్గిపోయాయి. ఆ జ్ఞానాన్ని అడిగి రాసుకోగలిగిన కాలం ఇంకా పూర్తిగా దాటిపోలేదు.